ఇరవై ఆరు సెకన్ల మెడ

మెడనొప్పికి వైద్యం చేయడమంటే ఏమిటని అడిగేవారికి నా జవాబు ఒక్కటే. సుమారు అయిదు కిలోల బరువున్న తలను రోజుకు పదహారు గంటలు మోసే కండరాలకు, ఆ మోసే పనిని తిరిగి నేర్పడం. వేడి కాపడం, కరెంటు పెట్టెలు, మెడను లాగే యంత్రాలు, ఇవన్నీ పాఠానికి ముందు బల్ల తుడవడం లాంటివి. బల్ల తుడవాలి, కాదనను. తుడవడమే పాఠం అనుకునేవారు ఈ వృత్తిలో ఎక్కువైపోయారు కనుక ఇది రాస్తున్నాను.

ముప్ఫయి ఒక్క సంవత్సరాలు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. మొదటి తొమ్మిదేళ్ళు ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, తరవాతి ఇరవై రెండేళ్ళు చైతన్యపురిలో మొదటి అంతస్తులోని రెండు గదుల సొంత క్లినిక్‌లో. నా దగ్గరికి వచ్చినవారిలో కోచింగ్ సెంటర్లలో పన్నెండు గంటలు పుస్తకం మీద వంగే పిల్లలు, మన్సూరాబాద్ కాలనీల పెద్దవాళ్ళు, దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో పనిచేసేవారు ఎక్కువ. ప్రతి రోగికీ ఒక కార్డు, ప్రతి కార్డు మీదా కొలతలు. మెడ ఎన్ని డిగ్రీలు తిరిగింది, తల ఎన్ని సెకన్లు నిలిచింది అన్నవే రాసేదాన్ని. "కొంచెం తగ్గింది" అన్న మాటను కార్డు మీద ఎన్నడూ ఎక్కించలేదు. కొంచెం అంటే ఎంత?

కొలతల మీద నాకున్న నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అయితే ఏది కొలవాలో తెలియకుండా కొలిస్తే ఎంత నష్టమో ఒక మనిషి మెడ మీద నేర్చుకున్నాను. ఆ ఉదంతమే ఇక్కడ ప్రధానం.

మెడకు కట్టిన బెల్టు

ముందుగా నాకు ఈ పని నేర్పిన పెద్ద డాక్టరుగారి గురించి చెప్పాలి. ఎల్బీనగర్ ఆసుపత్రిలో ఎముకల విభాగానికి ఆయన పెద్ద. మాట కరుకు, చెయ్యి మెత్తన. నేను చేరిన రెండో సంవత్సరంలో ఒక స్కూలు టీచరమ్మకు మెడనొప్పి వస్తే బెల్టు వేసుకోమన్నాను. వేసుకున్నంతసేపూ ఆమెకు హాయిగా ఉండేది. అందుకని నేనూ తీయమనలేదు. అయిదు నెలల తరవాత ఆమె వచ్చి, బెల్టు లేకుండా పళ్ళు తోముకునేంతసేపు కూడా తల నిలవడం లేదంది.

ఆ మాట డాక్టరుగారూ విన్నారు. ఆమె వెళ్ళాక నన్ను కూర్చోబెట్టారు.

"చెయ్యి విరిగితే పట్టీ ఎన్ని దినాలు కడ్తరమ్మా?"

"ఆరు వారాలండీ."

"విప్పినంక చెయ్యి ఎట్లుంటది?"

"సన్నబడి ఉంటుంది. బలం ఉండదు."

"విరిగిన చేతికి ఆరు వారాలు. విరగని మెడకు నువ్వు అయిదు నెలలు కట్టినవ్. బెల్టు మోస్తుంటే మెడకేం పనుంటది? కిరాయిదారు సుఖంగ కూసున్నడు, ఇంటాయన బజార్ల పడ్డడు."

ఆమె మెడను దారికి తేవడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. అప్పటినుంచి బెల్టును మూడు రోజులకు మించి ఎవరికీ రాయలేదు, అదీ నొప్పి భరించలేని స్థితిలో ఉన్నవారికి మాత్రమే. కండరాలకు బలం తేవడమే వైద్యమని నిశ్చయించుకుని, ఆ పద్ధతులన్నీ పట్టుదలగా నేర్చుకున్నాను.

వాటిలో అతి ముఖ్యమైనది చూడటానికి అతి చిన్నది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, సరేనన్నట్టు గడ్డాన్ని అరంగుళం లోపలికి వంచమంటాం. అంతే. అలా వంచి నిలిపినప్పుడు, మెడపూసల ముందుభాగాన్ని అంటిపెట్టుకుని ఉండే లోతు కండరాలు పనిచేయాలి. చెవి వెనకనుంచి ఛాతీ ఎముక దాకా తాడులా కనిపించే పెద్ద కండరాలు మెత్తగా ఉండాలి. లోతువి ఇంటి మనుషులు, పైవి బరువులెత్తే కూలీలు. ఇంటివాళ్ళు పని మానేస్తే కూలీలే ఇల్లు నడుపుతారు. కొంతకాలం నడుస్తుంది కూడా. తరవాత అలసి బిగుసుకుపోతారు. దాన్నే జనం మెడ పట్టేసిందంటారు.

ఇది సాధించాక రెండో మెట్టు. గడ్డం అలాగే లోపలికి ఉంచి, తలను మంచం మీదనుంచి ఒక అంగుళం పైకెత్తి ఎన్ని సెకన్లు నిలపగలరో చూస్తాం. ఈ సెకన్లను కార్డు మీద రాయడం నాకు మహా ఇష్టంగా ఉండేది.

నర్సింహ

ఉగాది వెళ్ళిన రెండో సోమవారం నర్సింహ మొదటిసారి వచ్చాడు. వయసు నలభై ఆరు. పోచంపల్లి దగ్గరి చేనేత కుటుంబం. ఇరవై మూడేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే చీరల దుకాణంలో సేల్స్‌మన్. ఎనిమిది నెలలుగా మెడనొప్పి, సాయంత్రానికి తలంతా బరువు.

"పని ఏమిటి?" అన్నాను.

"చీరెల దుకాణంల కూసుంటా మేడం. పొద్దంత చూపెట్టుడు, మడతపెట్టుడు."

చీరలు మడతపెట్టే మనిషంటే తల వంచుకుని పనిచేసే మనిషి అని రాసుకున్నాను. ఎక్కడ కూర్చుంటావు, ఎటు చూస్తావు అని అడగలేదు. ఈ రెండు ప్రశ్నలకు అరనిమిషం పట్టేది.

అతనికి అసలు దిగులు నొప్పి కాదు. అది ఆ రోజే చెప్పాడు.

"శ్రావణం లోపట నయం కావాలె మేడం. లేకుంటే గద్దె పోతది."

గద్దె అంటే దుకాణంలో తెల్లదుప్పటి పరిచిన పరుపు. సేల్స్‌మన్ దానిమీదే కూర్చుని చీరలు పరుస్తాడు. అతనిది పోచంపల్లి చీరల గద్దె. మధ్యాహ్నాలు లేచి వెళ్ళి గోదాములో పడుకుంటున్నాడని గమనించి, శ్రావణమాసపు పెళ్ళిళ్ళ గిరాకీలోగా బాగుకాకపోతే గోదాములో పెట్టెలకు చీటీలు అంటించే పనిలో వేస్తానని యజమాని చెప్పేశారట. దుకాణంలో అందరూ ఆయనను సేటు అంటారు.

"గోదాములో మెడకు విశ్రాంతే కదా," అన్నాను.

అతను కుడిచేతి బొటనవేలు చూపించాడు.

"మా అమ్మ నలభై ఏండ్లు ఆసు పోసింది మేడం. నేను ఆమె పక్కన కూసోని నూలు పట్టి చూస్తనే పెరిగిన. అంచు మీద గీ వేలు పెడితే అసలు పట్టేదో, కలిపిందేదో చెప్త. సేటు గూడ నన్నే అడుగుతడు. గోదాంల చీటీలు అంటిచ్చుటానికి గీ వేలెందుకు?"

ఆసు పోయడమంటే మేకుల చుట్టూ చేత్తో నూలు తిప్పడం, చేనేత ఇళ్ళలో ఆడవాళ్ళు చేసే పని. ఆ మాట విన్నాక అతన్ని గద్దె మీదనుంచి దిగనివ్వకూడదని నాకు పట్టుదల కలిగింది.

అందమైన అంకెలు

మొదటి సోమవారమే, గడ్డం వంచడాన్ని పైపైన చూసి, రెండో మెట్టుకు వెళ్ళాను. అతని తల అంగుళం ఎత్తున పది సెకన్లు నిలిచింది. రోజూ రెండుపూటలా చేయమని చెప్పి పంపాను. రెండో సోమవారం పద్నాలుగు. "భేష్," అన్నాను. మూడో సోమవారం పద్దెనిమిది. నాలుగోసారి ఇరవై రెండు. అయిదోసారి ఇరవై ఆరు.

ఇంట్లో అతను చెప్పుకున్న లెక్క కాదిది. నా ఎదుట, నా మంచం మీద, నా చేతిలోని స్టాప్‌వాచ్ చూపిన లెక్క. ప్రతిసారీ, "నొప్పి ఎలా ఉంది?" అని అడిగేదాన్ని. ప్రతిసారీ, "మంచిగున్నది మేడం," అనేవాడు.

ఈ వృత్తిలోని యువ మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ అంకెలను మళ్ళీ చూడాలి. పది, పద్నాలుగు, పద్దెనిమిది, ఇరవై రెండు, ఇరవై ఆరు. వారానికి సరిగ్గా నాలుగు. మనిషి కండరం అలా పెరగదు. ఒక వారం ఆరు పెరుగుతుంది, ఒక వారం ఒకటి తగ్గుతుంది, నిద్ర చాలనినాడు అడుగున పడుతుంది. నిజమైన కొలతలకు ఎగుడుదిగుళ్ళుంటాయి. ఇంత నున్నగా ఉన్న కొలతను చూసి నేను అనుమానించాల్సింది పోయి మురిసిపోయాను.

ఆరో సోమవారం నర్సింహ రాలేదు. మంగళవారం వచ్చి, కుర్చీలో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"మేడం, వేలు మొద్దుబారింది."

బొటనవేలు, చూపుడువేలు. నాలుగు రోజులుగా తిమ్మిరి. ముందురోజు ఒక చీర అంచు పట్టి చూస్తే ఏమీ తెలియలేదట. పక్కవాణ్ణి అడిగి చెప్పాడట. చెబుతూనే ఆ వేలిని తన చొక్కా అంచు మీద రుద్ది చూసుకున్నాడు.

చేతికి తిమ్మిరి దిగితే అది ఇక మన ఒక్కరి పరిధిలోని విషయం కాదు. ఆ రోజే అతన్ని పెద్ద డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అప్పటికి మన్సూరాబాద్‌లో ఇంటి దగ్గరే కొద్దిమంది రోగులను చూస్తున్నారు. పరీక్షించారు, స్కాన్ తీయించారు. అయిదు, ఆరు మెడపూసల మధ్య కుడివైపున నరం ఒత్తిడికి లోనైంది. చేతి బలం తగ్గలేదు, ఆపరేషన్ అవసరం లేదు. అంతవరకూ ఊరట. తరవాత ఆయన అతన్ని మంచం మీద పడుకోబెట్టి, "నీకు మేడం చెప్పిన కసరత్తు జర చేసి చూపియ్యి," అన్నారు.

నర్సింహ తల ఎత్తాడు. నా చెయ్యి అలవాటుగా వాచీ మీదికి పోయింది.

"వాచీ జేబుల పెట్టు," అన్నారు డాక్టరుగారు. "మెడ చూడు."

చూశాను. మెడకు రెండువైపులా రెండు తాళ్ళు ఉబికి ఉన్నాయి. దవడలు బిగిసి ఉన్నాయి. శ్వాస ఆగిపోయింది. గడ్డం లోపలికి కాదు, పైకి లేచి ఉంది. లోతు కండరాలు పనిచేస్తున్న ఆనవాలే లేదు. పైనున్న కూలీలు ఇరవై ఆరు సెకన్లపాటు ప్రాణాలుగ్గబట్టి తలను మోస్తున్నారు. నేను అయిదు వారాలు గడియారాన్ని చూశాను, మెడను చూడలేదు.

"ఏం తమ్మీ, నొస్తలేదా?"

"మస్తు నొస్తున్నది సార్."

"మేడంకు ఎందుకు చెప్పలె?"

నర్సింహ లేచి కూర్చుని నావైపు చూశాడు. "రెండో వారం పద్నాలుగు ఒస్తే మేడం మొఖం ఎలిగింది సార్. ఇగ ఒచ్చేవారం ఇంకో నాలుగు ఎక్కువ తేవాలె అనుకున్న. ఇరవై మూడేండ్ల సంది గద్దె మీద కూసున్న. గిరాకి మొఖం చూస్తే ఏం గావాల్నో సమజైతది. లేదు, గాదు అనే మాట మా నోట్ల రాదు సార్."

డాక్టరుగారు నాతో అన్నది ఒక్క వాక్యమే. "ఆయన నిన్ను గిరాకి లెక్క చూసిండమ్మా, నువ్వు గూడ గిరాకి లెక్కనే కొన్నవ్."

గద్దె దగ్గర నలభై నిమిషాలు

కసరత్తు ఆపించాను. నా తప్పు సగం తెలిసింది. కానీ ఆ కసరత్తు చేయకముందునుంచీ ఎనిమిది నెలలుగా నొప్పి ఎందుకుంది? అది దుకాణంలోనే తెలియాలి.

మా ఆడపడుచు విజయను తోడు తీసుకుని ఒక బుధవారం ఉదయం పదకొండున్నరకు ఆ దుకాణానికి వెళ్ళాను. ఆమె పుట్టింది గుడివాడ, కాపురం కొత్తపేట. చీర కొనడంలో ఆమె ఓపికకు హద్దు లేదు కనుక నాకు కావలసినంత సమయం దొరుకుతుందని తెలుసు. నర్సింహకు ముందే చెప్పాను, నన్ను పట్టించుకోవద్దని. గద్దె ముందు రెండు కుర్చీల్లో మేం కూర్చున్నాం.

"ఆ పైవరసలో ముదురాకుపచ్చది తీయండి," అంది విజయ. "అది కాదండీ, దాని పక్కది."

"గిదేనా అమ్మా?"

"రంగు బానే ఉంది గానీ అంచు సన్నంగా ఉంది. ఇదే రంగులో పెద్దంచు లేదా?"

"ఎందుకుండదమ్మా. జర కూసోండ్రి, చూపెడ్త."

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఈసారి వాచీని ఒక్క పనికే వాడాను, నలభై నిమిషాలు చూసుకోవడానికి. కళ్ళు మాత్రం అతని గడ్డం మీద ఉంచాను. నలభై నిమిషాల్లో గడ్డం పైకి లేచినది నూట ముప్ఫయి ఒక్కసార్లు. అందులో నూట నాలుగుసార్లు మెడ పైకి లేస్తూనే కుడివైపుకు తిరిగింది. పోచంపల్లి చీరల అరలన్నీ అతనికి కుడిచేతివైపు, పైవరసల్లో ఉన్నాయి. మెడ పైకెత్తి ఏ వైపుకు తిప్పితే, ఆ వైపు నరం బయటికి వచ్చే సందు ఇరుకవుతుంది. విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే చెప్పే సంగతి ఇది.

తల వంచింది ఎన్నిసార్లు? ఇరవై రెండు. నేను తల వంచే మనిషి అని రాసుకున్నాను. అతను తల ఎత్తే మనిషి.

"నలభై మూడు చీరలు తీయించావు," అన్నాను విజయతో.

"ఏం, లెక్క పెడుతున్నావా వదినా? ఇంకా పట్టులోకి రానేలేదు," అంది.

జాకెట్టు గుడ్డలు కోసే కౌంటరులో టేపు అడిగి తీసుకుని కొలిచాను. కుర్చీలో కూర్చున్న విజయ కళ్ళు నేలనుంచి నూట పద్నాలుగు సెంటీమీటర్లు. గద్దె మీది నర్సింహ కళ్ళు ఎనభై నాలుగు. ముప్ఫయి సెంటీమీటర్ల తేడా. ఎవరైనా నిలబడి చూస్తే ఆ తేడా రెట్టింపవుతుంది.

"కుర్చీలు మొదటినుంచీ ఉన్నాయా?" అని అడిగాను.

"ఎక్కడ మేడం. ఎనకట అందరు గద్దె మీదనే కూసునేటోళ్ళు, ఎదురెదురుగ. పదేండ్ల సంది ఎవ్వరు కింద కూసుంట లేరు. మోకాళ్ళు నొస్తయట. డాక్టర్లు కింద కూసోవద్దన్నరని చెప్తరు."

ఈ చుట్టుపక్కల కాలనీల్లో మోకాళ్ళ నొప్పులవారికి నేల మీద కూర్చోవద్దని చెప్పినవారిలో నేనూ ఉన్నాను, వేలసార్లు చెప్పాను. నా ఎదుట ఉన్న మోకాలికి అది మంచి సలహాయే. ఆ మోకాలు కుర్చీ ఎక్కితే ఎదుట కూర్చున్న మనిషి మెడ ఏమవుతుందో ఎన్నడూ ఆలోచించలేదు.

సేటుతో మాట

సేటుకు అరవై దాటాయి. నిదానస్తుడు. నన్ను తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. గద్దెను ఒక అడుగు ఎత్తు చేయమని, పోచంపల్లి అరలను ఎడమవైపు కింది వరసలకు మార్చమని అడిగాను.

"అరలు మారుస్త," అన్నారు. "గద్దె ఎత్తు మాత్రం కాదు మేడం. గిరాకి కింద, మనం మీద కూసుంటే ఏం మర్యాద? మా నాయన కాలం సంది గద్దె గింతే ఎత్తు."

"మీ నాన్నగారి కాలంలో కుర్చీలు లేవు కదండీ."

ఆయన టీ కప్పు కింద పెట్టారు.

నేను కాగితం మీద మూడు వరసలు రాసి ముందు పెట్టాను. నూట ముప్ఫయి ఒకటి, నూట నాలుగు, ముప్ఫయి సెంటీమీటర్లు. "మీ నాన్నగారి రోజుల్లో గిరాకీ, సేల్స్‌మన్ ఒకే ఎత్తున కూర్చున్నారు. అదే మర్యాదగా చెల్లింది. ఇప్పుడున్న ముప్ఫయి సెంటీమీటర్ల తేడా మీ మర్యాద పెంచింది కాదు, మేం చెప్పిన కుర్చీ పెంచింది. అతన్ని పైకెక్కించమనడం లేదు. పాత సమానం తిరిగి రానివ్వండి."

"నర్సింహ బదులు ఇంకోళ్ళను కూసోబెడ్తే?"

"రెండేళ్ళలో వారూ నా దగ్గరికే వస్తారు."

సేటు ఆ కాగితం మళ్ళీ చదివారు. "ఎనిమిది అంగుళాలు," అన్నారు చివరికి. "అంతకుమించి నాకు మనసొప్పది. అదిగూడ శ్రావణం దాకనే. ఆయన వేలు మల్ల మంచిగైతే ఉంచుదం. లేకుంటే ఆ ఎత్తు తీసేస్త, ఆయన గోదాంల కూసుంటడు. గా వేలు లేకుంటే నాకు గద్దె మీద నర్సింహ ఒకటే, ఇంకొకడు ఒకటే. తప్పుగ అనుకోవద్దు."

తప్పుగా అనుకోలేదు. తమ అవసరం దాచకుండా చెప్పిన యజమానులను నేను ఎప్పుడూ గౌరవించాను. దాచేవారితోనే కష్టం.

జ్యేష్ఠమాసం మొదట్లో వడ్రంగి వచ్చి ఎనిమిది అంగుళాల చెక్క అరుగు బిగించాడు. అరలు ఎడమకు, కిందికి మారాయి. నర్సింహకు రెండు వారాలు పూర్తి సెలవు, తరవాత పూటకు రెండు గంటలే గద్దె అని ఒప్పందం.

మళ్ళీ మొదటినుంచి

తిమ్మిరి నెమ్మదించి డాక్టరుగారు సరేనన్నాక మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి తల ఎత్తడం లేదు, అరంగుళం గడ్డం వంచడం ఒక్కటే. స్టాప్‌వాచ్‌ను బల్ల సొరుగులో పెట్టాను. రెండు వేళ్ళు అతని మెడకు రెండువైపులా ఆనించాను. పైకండరం ఉబికిందంటే నా వేలికి తెలుస్తుంది.

"ఎంతసేపు చెయ్యాలె మేడం?"

"నేను చెప్పను. నీకు ఎక్కడ పట్టు తప్పిందో అక్కడ నువ్వే ఆపాలి."

"మీరే చెప్పండ్రి. ఎంతంటే అంత చేస్త."

"అదే వద్దు."

మొదటిరోజు ఆపనే లేదు. నా వేళ్ళ కింద తాళ్ళు లేచినా అలాగే పట్టి ఉన్నాడు. నేనే ఆపాను. రెండోరోజూ అంతే. మూడోరోజు పళ్ళు బిగించడం నేర్పుగా దాచాడు, నుదురు దాచలేకపోయాడు.

"నర్సింహా, ఇది చీర కాదు. నాకు నచ్చాల్సిన పని లేదు."

అతను కళ్ళు మూసుకుని పడుకున్నాడు. మళ్ళీ గడ్డం వంచాడు. మెడ మెత్తగా ఉంది. శ్వాస నడుస్తోంది. నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఏడు దగ్గర అతను గడ్డం వదిలేశాడు.

"చాలు మేడం. ఇగ పట్టది."

కార్డు మీద ఏడు అని రాశాను. ఇరవై ఆరు పక్కన ఏడు. అతను తల తిప్పి చూసి, "తగ్గింది," అన్నాడు చిన్నబోతూ.

"లేదు. ఇవాళే మొదలైంది."

తరవాతి వారాల అంకెలు వరసగా ఇవి: ఏడు, తొమ్మిది, ఎనిమిది, పదకొండు, పది, పదమూడు. ఒక వారం నిద్ర లేక ఆరు. ఎగుడుదిగుళ్ళున్న ఆ వరసను చూస్తే నాకు ధైర్యం కలిగింది. ఆషాఢం సగానికి కూర్చోబెట్టి చేయించాను, ఆపైన గద్దె మీద కూర్చున్న భంగిమలోనే. ముందు గడ్డం లోపలికి, ఆ తరవాతే చూపు పైకి. భుజాల వెనక కండరాలకు రబ్బరు పట్టీతో లాగే కసరత్తు చేర్చాను. మెడ ఒంటరిగా నిలవదు, దానికి భుజాలు పునాది. చాలామంది ఆ పునాదిని వదిలేసి గోడ మీద పనిచేస్తారు.

యువ మిత్రులకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ ముఖం చూసి రోగి తన నొప్పిని దిద్దుకుంటాడు. మెచ్చుకోలు మందులాంటిది, మోతాదు తప్పితే విషమే. సెకన్లు రాయండి, తప్పక రాయండి. ఆ సెకన్లను ఏ కండరం మోసిందో కూడా పక్కనే రాయండి. రోగి పని ఏమిటని అడిగి ఊరుకోకండి, పనిచేసే చోటికి వెళ్ళి ఒక్కసారి చూడండి. వారానికి అరపూట దీనికి కేటాయించలేనంత రద్దీ ఏ క్లినిక్‌లోనూ ఉండదు.

వేలు మాత్రం మెడతోపాటు తిరిగి రాలేదు. తిమ్మిరి చూపుడువేలిని వదిలినా బొటనవేలి కొనలో మిగిలింది. నరం కోలుకునే వేగం మన చేతిలో లేదు. ఎప్పటికి పోతుందని నర్సింహ అడిగితే, "తెలియదు," అన్నాను. ఇష్టంలేని జవాబే అయినా నిజమైనది అదొక్కటే. శ్రావణానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

శ్రావణ శుక్రవారం

మొదటి శ్రావణ శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు దుకాణానికి వెళ్ళాను. రద్దీ బాగా ఉంది. గద్దె మీద నర్సింహ, పక్కన కొత్తగా పెట్టిన ఇంకో సేల్స్‌మన్. వేలు సంగతి తేలకపోతే మధ్యాహ్నంనుంచి నర్సింహ గోదాముకు వెళ్ళాలని సేటు చెప్పారట. గల్లా దగ్గర నిలబడి నలభై నిమిషాలు లెక్కపెట్టాను. గడ్డం పైకి లేచింది నలభై ఆరుసార్లు. కుడివైపుకు తిరిగింది తొమ్మిది.

అప్పుడే పోచంపల్లినుంచి వచ్చిన మూటను సేటు గద్దె మీద విప్పించారు. అన్నీ పట్టు అని ఇచ్చిన సరుకు. నర్సింహ ఒక్కొక్క చీర అంచు మీద బొటనవేలు నడుపుతూ పక్కకు పెడుతున్నాడు. తొమ్మిదో చీర దగ్గర వేలు ఆగింది. మళ్ళీ నడిపాడు. ఎడమచేతి వేలితోనూ చూశాడు, తిరిగి కుడివేలికే వచ్చాడు.

"సేటు, ఇండ్ల కలిసింది."

కొత్త సేల్స్‌మన్ పట్టి చూశాడు. "పట్టే ఉన్నది గద అన్నా."

"పడుగు పట్టే. పేకల కలిసింది." నిలువుపోగు అసలు పట్టే, అడ్డపోగులో నకిలీ దారం కలిసిందని.

సేటు అంచునుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించారు. పట్టుపోగు కాలితే వెంట్రుక కాలిన వాసన వేసి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. ఈ పోగు కొసన గట్టి నల్లపూసలా ముడుచుకుంది. సేటు దాన్ని గోటితో నొక్కారు. చితకలేదు.

ఆయన చీరను మడిచి పక్కన పెట్టి, కొత్త సేల్స్‌మన్‌ను ఇంకో గద్దెకు పంపారు. తరవాత నర్సింహతో అన్నారు.

"ఇయ్యాల్టి నుంచి పొద్దంత నువ్వే కూసో. అరుగు గిట్లనే ఉంటది."

నర్సింహ చీర మడత సరిచేశాడు. తరవాత గడ్డం లోపలికి తీసుకుని, చూపు ఎత్తి సేటును చూశాడు.

"పొద్దంత వద్దు సేటు. నాలుగింటి దాకా కూసుంట. అటెన్క పట్టది."

సేటు నావైపు చూశారు. నేను నర్సింహవైపు చూశాను.

"సరే. నాలుగే," అన్నారు సేటు.

ఆ రోజు నేను సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. గిరాకీ తగ్గలేదు. నాలుగు గంటలు కొట్టేసరికి నర్సింహ చేతిలో ఉన్న చీరను ఎదుటి ఆమె ఒడిలో పెట్టి, "మిగిలినయి మావోడు చూపెడ్తడమ్మా," అని చెప్పి గద్దె దిగాడు.